స్లొవీన్ మహారచయిత బోరిస్ పహోర్

(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి చేసికొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభదినమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని ఆదేశించిన కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రనో, అయ్యంకి వేంకటరమణయ్యగారివంటి మహనీయుల సేవనో ప్రస్తావించుట పరిపాటి. ఆ సంగతులు నాకన్న బాగుగ నెరిగిన పెద్దలు ఈ వేదికమీదనే కలరు. కావున నేను మీలో పెక్కుమంది పేరైనను విని యుండని ఒక దూరదేశపు రచయితను గూర్చి చెప్ప నిశ్చయించుకొంటిని. ఆయన పేరు బోరిస్ పహోర్. వ్రాసిన భాష స్లొవీన్. నివసించిన ఊరు ఇటలీ దేశపు ఈశాన్యపు కొననున్న ట్రియెస్టు అను రేవుపట్టణము.

ఎక్కడి ట్రియెస్టు, ఎక్కడి మన యూరు అని మీరనుకొనవచ్చును. ఆ సందేహము సహజమే. అయితే ఆయన సాహిత్య జీవితకథ ఒక గ్రంథాలయము తగులబడుటతో మొదలగుచున్నది. ఆ గ్రంథాలయమున్న భవనము సరిగా నూరేండ్లకు తనవారికి తిరిగి దక్కుటతో ఆ కథ ముగింపునకు వచ్చుచున్నది. ఆ రెండింటిని కన్నులార చూచిన మనిషి ఆయన. గ్రంథాలయ రజతోత్సవమునాడు చెప్పుకొనుటకు ఇంతకన్న తగిన కథ నాకు తోచలేదు.

ముందుగా ఆ భాషను గూర్చి రెండు మాటలు చెప్పెదను. స్లొవీనియా దేశము ఆల్ప్సు పర్వతముల యడుగున, ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియా దేశముల నడుమ నున్నది. దాని జనాభా సుమారు 21 లక్షలు. అనగా మన పాత విజయనగరము జిల్లా జనాభాకన్నను తక్కువ. ఇంత చిన్న జాతి శతాబ్దములపాటు పరుల యేలుబడిలో నుండియు తన భాషను విడిచిపెట్టలేదు. సంస్కృతమునందువలె ఆ భాషలో ఏకవచన బహువచనములకు నడుమ ద్వివచనము నేటికిని వాడుకలో నున్నది. భార్యాభర్తలిద్దరును, స్నేహితులిద్దరును తమను గూర్చి చెప్పుకొనునప్పుడు వాడుటకు వేరొక క్రియారూపమే కలదు. మనకు వ్యాకరణ పాఠములందు మాత్రమే కనబడు ద్వివచనము అక్కడ అంగడిలో వినబడును.

ఆ భాషలో మొదటి పుస్తకము 1550లో అచ్చయ్యెను. అచ్చువేయించినవాడు ప్రిమోజ్ త్రుబార్ అను మతాచార్యుడు. తన మతాభిప్రాయముల కారణమున స్వదేశము విడిచి జర్మనీలో తలదాచుకొనియున్నవాడు. వారి మహాకవి ఫ్రాన్సె ప్రెషెరెన్ 1849 ఫిబ్రవరి 8వ తేదీన మరణించెను. నేడు స్లొవీనియాలో ఆ దినము దేశమంతటికిని సెలవుదినము. కవి మరణించిన దినమును జాతీయ సాంస్కృతిక దినముగ పాటించు ప్రజలు లోకమున అరుదు. రాజ్యము లేని కాలమున వారికి భాషయే రాజ్యము. స్వతంత్ర రాజ్యము 1991లోగాని వారికి సిద్ధింపలేదు.

ఇక ట్రియెస్టు సంగతి. ఆడ్రియాటిక్ సముద్రపు టొడ్డున నున్న ఆ పట్టణము మొదటి ప్రపంచయుద్ధము ముగియువరకు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. అందు ఇటాలియనులే అధిక సంఖ్యాకులు. అయినను 1910 నాటి జనాభాలెక్కల ప్రకారము పట్టణవాసులలో సుమారు నాలుగింట నొకవంతు స్లొవీనులు. చుట్టుపట్ల గ్రామములన్నియు వారివే. ఈ స్లొవీనులు 1861లో ట్రియెస్టునందు తమ మొదటి పఠనమందిరమును స్థాపించుకొనిరి. పత్రికలు చదువుకొనుటకు, పాటలు పాడుకొనుటకు, నాటకములాడుటకు అది వారికి కూడలి స్థలము. దానిని చూచి ఇతర పట్టణముల స్లొవీనులును అట్టివానిని నెలకొల్పుకొనిరి. నిజాము పాలనలో తెలుగునకు తగిన ఆదరణ లేని దినములలో హైదరాబాదునందు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఎందులకు వెలసెనో మన పెద్దలకు తెలియును. ఆ తెలిసినవారికి ట్రియెస్టు స్లొవీనుల యావేదన వేరుగ చెప్పనక్కరలేదు.

పఠనమందిరములు పెరిగి పెరిగి తుదకు ఒక పెద్ద భవనమే లేచెను. మాక్స్ ఫాబియాని అను ప్రసిద్ధ శిల్పి రూపురేఖలు గీయగా 1901 మొదలు 1904 వరకు పట్టణము నడిబొడ్డున దానిని కట్టిరి. దాని పేరు నారోద్నీ దోమ్, అనగా జాతీయ భవనము. అందు నాటకశాల, సహకార ధనాగారము, పఠనశాలలు, గ్రంథములు, ఫలహారశాల, ఒక హోటలు ఉండెడివి. పల్లెలనుండి పాలును, కూరగాయలును తెచ్చి అమ్ముకొను స్లొవీన్ స్త్రీకిని, రేవులో బరువులు మోయు స్లొవీన్ కూలికిని అది మాదని చెప్పుకొనదగిన ఇల్లు.

బోరిస్ పహోర్ ఆ ట్రియెస్టులోనే 1913 ఆగస్టు 26వ తేదీన జన్మించెను. తండ్రి చిన్న ప్రభుత్వోద్యోగి. పహోర్ ఐదేండ్లవాడై యుండగా యుద్ధము ముగిసెను, సామ్రాజ్యము కూలెను, పట్టణము ఇటలీ సేనల వశమయ్యెను. 1920 జూలై 13వ తేదీ సాయంకాలము ఫాసిస్టు మూకలు నారోద్నీ దోమును ముట్టడించి నిప్పు పెట్టినవి. లోపల చిక్కుకొనిన వారిలో నొకరు కిటికీనుండి దూకి ప్రాణములు కోల్పోయిరి. ఏడవయేడు నిండని పహోర్ చెల్లెలితో గూడ వీధిలో నిలిచి ఆ మంటలను చూచెను. తమవారి నాటకశాల, తమవారి పుస్తకములు కాలుచుండగా మంట చుట్టును చేరినవారు ఆనందించుట కూడ చూచెను. ఇది ఎందులకు జరుగుచున్నదని అడిగిన పిల్లవానికి జవాబు చెప్పగలవారెవరు? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే తాను రచయిత నైతినని ఆయన తరువాత పలుమారులు చెప్పుకొనెను.

సోదరులారా! ఇచ్చట ఒక్క క్షణము ఆలోచింపుడు. ఆ మూకలకు కోటలేదు, ఆయుధాగారము లేదు అను సంగతి తెలియదా? తెలియును. తెలిసియే నాటకశాలను, పఠనశాలను ఎన్నుకొనిరి. ఒక జాతిని లొంగదీయవలెనన్న ముందు దాని పుస్తకములున్న చోటును లేకుండ చేయవలెనని వారెరుగుదురు. గ్రంథాలయము విలువ దానిని కాపాడువారికన్న తగులబెట్టువారికే ముందుగ తెలియుట మానవచరిత్రలో ఒక విచారకరమైన సత్యము.

మంటలతో ఆ కథ ముగియలేదు. 1922లో ముస్సోలినీ అధికారమునకు వచ్చెను. 1923 నాటి విద్యా శాసనముతో స్లొవీన్ బడులు ఏటేట తరగతి వెంట తరగతిగ మూతబడినవి. తరువాత స్లొవీన్ సంఘములు రద్దయ్యెను, పత్రికలు ఆగిపోయెను. ఊళ్ల పేర్లు మార్చిరి. ఇంటిపేర్లు సైతము ఇటాలియను రూపమునకు మార్చిరి. బహిరంగముగ తల్లిభాష మాటలాడుట అపరాధమయ్యెను. పహోర్ వ్రాసిన కథలలో నొకటి ఆ కాలమునకు చెందినది. తరగతిలో స్లొవీన్ మాట పలికినదన్న కోపముతో ఉపాధ్యాయుడొకడు ఒక చిన్న బాలికను కోటులు తగిలించు కొక్కెమునకు జడలతో వ్రేలాడదీయును. కొక్కెమునకు తగిలించిన సీతాకోకచిలుక అని ఆ కథకు పేరు. చదివినవారెవరును ఆ బాలికను మరవజాలరు.

చదువు భాష అకస్మాత్తుగ మారిపోగా పహోర్ బడిలో వెనుకబడెను. తాను మాటలాడు భాష తప్పు, తన పేరు తప్పు, తన పుట్టుకయే తప్పు అని ప్రతిదినమును వినుచున్న పిల్లవానికి చదువు తలకెక్కునా? తుదకు మతాచార్యుల పాఠశాలలో చేరి అచ్చట తేరుకొనెను. మతాచార్యుడగుటకు చదివియు 1938లో ఆ మార్గము విడిచెను. ఈ నడుమ ఎవరును నేర్పని తన భాషను తానే పుస్తకములు సంపాదించి నేర్చుకొనెను. మాటలాడు భాష వేరు, వ్రాయు భాష వేరు గదా! తల్లి పుట్టినింటి పేరును మారుపేరుగ పెట్టుకొని సరిహద్దునకు ఆవలనున్న లుబ్లియానా పత్రికలకు తన తొలికథలను పంపెను. సొంత ఊరిలో సొంత పేరుతో సొంత భాషలో వ్రాయుటకు వీలులేని రచయితగ ఆయన సాహిత్య జీవితము ప్రారంభమయ్యెను.

1940లో ఇటలీ సైన్యము ఆయనను బలవంతముగ చేర్చుకొని లిబియా ఎడారికి పంపెను. తిరిగి వచ్చిన పిమ్మట ఇటలీలో ఖైదీలుగనున్న యుగోస్లావ్ సైన్యాధికారులకు దుబాసిగ పని చేసెను. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయి జర్మనులు ట్రియెస్టు నాక్రమింపగా, ఆయన ఇల్లు చేరి స్లొవీన్ విమోచనోద్యమమున కలిసెను. 1944 జనవరిలో జర్మనుల పక్షమున నున్న స్లొవీన్ దళమువారే, అనగా తన భాష మాటలాడువారే, ఆయనను పట్టి జర్మను రహస్య పోలీసుల కప్పగించిరి. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. దీనితో పని మరల వచ్చును.

అది మొదలు 1945 ఏప్రిలు వరకు సుమారు పదునాలుగు నెలలు ఆయన నాజీల నిర్బంధ శిబిరములలో గడపెను. డాకౌ, ఫ్రాన్సు సరిహద్దు కొండలలోని నాట్స్‌వైలర్, సొరంగములలో ఖైదీలచే రాకెట్లు చేయించిన డోరా, దానికి అనుబంధమైన హార్జుంగెన్, తుదకు బెర్గెన్-బెల్సెన్. ఈ పేర్లు విన్నంతనే ఐరోపావారికి నేటికిని ఒడలు గగుర్పొడుచును. అక్కడ ఆయన ప్రాణము నిలిపినది ఏది? భాషలు. స్లొవీన్‌తోబాటు ఇటాలియను, జర్మను, ఫ్రెంచి తెలిసినవాడు. ఇతర స్లావు భాషలను గ్రహింపగలవాడు. కావున వైద్యశాలలో దుబాసిగ, పిమ్మట రోగులకు పరిచారకుడుగ నియమించిరి. నార్వేదేశీయుడైన ఒక ఖైదీ వైద్యుడు ఆయనను చేరదీసెను. పలుదేశములవారు తమ తమ భాషలలో తుదిమాటలు పలుకుచు ప్రాణములు విడుచుచుండగా ఆయన వారి మంచములకడ నిలిచెను. ఏ భాషను పలికినందులకు బాల్యమున శిక్షలు పొందెనో ఆ భాషాకుటుంబమే అచ్చట ఆయనకు రక్షయయ్యెను.

విడుదలయై ఫ్రాన్సు చేరునప్పటికి ఆయనను క్షయవ్యాధి పట్టియుండెను. పారిసు సమీపమున నొక ఆరోగ్యశాలలో 1946 చివర వరకు చికిత్స పొందెను. అచ్చటి పరిచారికతోడి ప్రేమానుభవము తరువాత ఒక నవలగ రూపొందెను. నరకమునుండి బయటపడినవానికి మరల జీవితముపై మక్కువ యెట్లు కలుగునో ఆ నవల చెప్పును. స్వస్థలమునకు వచ్చి 1947లో పాడువా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. 1948లో తొలి కథాసంపుటము వెలువడెను. 1953 మొదలు 1975 వరకు ట్రియెస్టులో తిరిగి తెరచిన స్లొవీన్ మాధ్యమ పాఠశాలలలో సాహిత్యోపాధ్యాయుడుగ పని చేసెను. ఏ బడులను మూసివేయగా తాను బాల్యమున దిక్కులేనివాడయ్యెనో ఆ బడులలోనే నిలిచి పాఠము చెప్పుట ఆయన పొందిన మొదటి గౌరవమని నా యభిప్రాయము. బహుమానములు తరువాతి మాట.

1967లో ఆయన ప్రధాన గ్రంథము నెక్రోపొలా ప్రకటితమయ్యెను. మృతుల నగరమని ఆ పేరునకు అర్థము. శిబిరములనుండి బయటపడిన సుమారు ఇరువదేండ్లకు రచయిత ఒక వేసవి ఆదివారమున నాట్స్‌వైలర్ శిబిరస్థలమును చూడబోవుటయే అందలి కథ. అప్పటికది దర్శనీయ స్థలము. మెట్లుమెట్లుగ చెక్కిన కొండవాలు, చక్కగ నుంచిన కొట్టములు, మార్గదర్శకుని వెంట నడచు యాత్రికులు, చేతులు పట్టుకొనిన యువదంపతులు. వారి నడుమ రచయిత ఒంటరిగ నడచును. ఒక్కొక్క మెట్టు దిగుచుండగా ఒక్కొక్క చచ్చిన నేస్తము కన్నులముందు నిలుచును. ఈ మెట్టు మీద శవమును మోసితిని, ఈ గదిలో వానికి కట్టు కట్టితిని, ఈ మూల వాని రొట్టెముక్క నేను తింటిని. వారందరు చనిపోగా నేనెందులకు బ్రదికితిని? అను ప్రశ్న పుస్తకమంతట వెన్నాడును.

నేనా గ్రంథమును ఆంగ్లానువాదమున చదివితిని. అందు గర్జనలు లేవు, శాపములు లేవు, తన్ను వీరునిగ చూపుకొను ప్రయత్నము లేదు. ఆకలి మనిషినెట్లు మార్చునో, చావు ప్రతిదినము కనబడుచుండగా హృదయమెట్లు మొద్దుబారునో, అయినను ఒక కట్టుగుడ్డ చుట్టుటలో ఎంత మానవత్వము మిగిలియుండునో నిదానముగ చెప్పుకొనిపోవును. చదువుట ముగించి పుస్తకము మూసిన పిమ్మట ఇంటిలోని వారి కంఠస్వరములు వినబడుటయే ఒక గొప్ప భాగ్యమని నాకు తోచెను.

ఇంతటి గ్రంథము వెలువడినప్పుడు లోకము ఏమి చేసెను? దాదాపు ఏమియు చేయలేదు. స్లొవీన్ పాఠకులు చదివిరి, గౌరవించిరి. కాని ఆయన నివసించిన పట్టణమున అధిక సంఖ్యాకులైన ఇటాలియనులకు తమ నడుమ ఇట్టి రచయిత యున్నాడని తెలియదు. పక్కవీధివాని భాష వారికి రాదు. నేర్చుకొనవలెనన్న తలంపును లేదు. ట్రియెస్టు సాహిత్యకారుల నిలయమని లోకప్రసిద్ధి. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ అచ్చట కొన్నేండ్లు నివసించెనని గర్వముగ చెప్పుకొందురు. ఆ పట్టణముననే పుట్టి, అచ్చటనే పెరిగి, అచ్చటనే పాఠములు చెప్పిన పహోర్ మాత్రము అచ్చట అజ్ఞాతుడు.

తనవారివలన సైతము ఆయనకు చిక్కులు తప్పలేదు. 1966 నుండి 1990 వరకు ఆయన జలివ్, అనగా అఖాతము, అను పత్రికను నడపెను. యుగోస్లావియాలోని ఏకపక్ష పాలనను అందు నిర్భయముగ విమర్శించెను. ఎడ్వర్డ్ కొట్స్‌బెక్ అను కవి ఆయనకు గురుతుల్యుడు. కొట్స్‌బెక్ యుద్ధకాలమున విమోచనోద్యమ నాయకులలో నొకడు, తరువాత పాలకుల యాగ్రహమునకు గురియై మౌనమున పడవేయబడినవాడు. 1975లో పహోర్, ఆయన మిత్రుడు అలొయిజ్ రెబులా కలసి ట్రియెస్టులో కొట్స్‌బెక్‌ను గూర్చి ఒక పుస్తకము వెలువరించిరి. యుద్ధము ముగిసిన వెంటనే 1945లో, ఓడి నిరాయుధులైన స్లొవీన్ దళముల వారిని వేలాదిగ విచారణ లేకుండ చంపిన సంగతిని కొట్స్‌బెక్ అందలి సంభాషణలో బయటపెట్టెను. అది జాతి యంతయు ఒప్పుకొనవలసిన పాపమని పలికెను. యుగోస్లావియాలో దుమారము చెలరేగెను. కొట్స్‌బెక్‌పై దూషణలు కురిసినవి. పహోర్ ఆ దేశమున ప్రవేశింపకుండ నిషేధించిరి.

ఇందాక మనస్సున నుంచుకొనుడని చెప్పిన సంగతిని ఇప్పుడు స్మరింపుడు. పహోర్‌ను పట్టి జర్మనుల కప్పగించినది అట్టి దళమువారే. వారికి జరిగిన యన్యాయమును గూర్చి ఆయన నోరు మెదపకున్నచో ఎవరును తప్పుపట్టరు. అయినను చంపినది మనవారైనను చంపుట చంపుటయేనని ఆయన యెంచెను. తనను నరకమునకు పంపినవారి కొరకు న్యాయమడిగి, తన జాతిభూమిలో అడుగుపెట్టు హక్కును పోగొట్టుకొనెను. ఆయన గొప్పతనమునకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి లేదని నేను భావించుచున్నాను.

గుర్తింపు వచ్చినది, కాని ఎంత చుట్టుదారిన వచ్చినదో చూడుడు. పారిసునందు నివసించిన అంధ స్లొవీన్ తత్త్వవేత్త యెవ్‌గెన్ బావ్చార్ మొదలగు మిత్రుల పూనికతో, ఆండ్రె ల్యూక్-గే అను విదుషీమణి అనువాదముతో, 1990లో నెక్రోపొలా ఫ్రెంచి భాషలో వెలువడెను. ఫ్రెంచివారు నివ్వెరపోయిరి. అప్పటికి రచయిత వయస్సు డెబ్బదియేడు. 1992లో స్లొవీనియా తన అత్యున్నతమైన ప్రెషెరెన్ పురస్కారమును ఆయనకిచ్చి గౌరవించెను. 1995లో ఆంగ్లానువాదము, 2001లో జర్మననువాదము వచ్చినవి. ఇటాలియను భాషలోనికి 1997లో అనువదితమైనను ఒక చిన్న సంస్థ ప్రచురించుటచే దానిని చదివినవారు కొద్దిమంది. 2007లో ఫ్రాన్సు దేశము లెజియన్ దొనర్ అను బిరుదమిచ్చెను. 2008లో రోము నగరపు ప్రచురణకర్తలు ట్రియెస్టు వాస్తవ్యుడైన ప్రసిద్ధ రచయిత క్లౌడియో మాగ్రిస్ పీఠికతో ఆ గ్రంథమును మరల ప్రకటింపగా ఇటలీ దేశమంతట ప్రతులు చెల్లిపోయినవి. పుస్తకము పుట్టిన నలువదియొక్క యేండ్లకు, రచయితకు తొంబదియైదవ యేట, పక్కవీధివారు ఆయనను చదివిరి. పక్కవీధికి చేరుటకు ఆ పుస్తకము పారిసు చుట్టి రావలసి వచ్చెను.

గౌరవము వచ్చినప్పుడు దానిని ఆయన స్వీకరించిన తీరును గమనింపదగినది. 2009 చివర ట్రియెస్టు పురపాలకులు ఆయనను సన్మానింపదలచిరి. సన్మానపత్రమున నాజీల దురాగతములు పేర్కొనిరి గాని, అంతకు ముందు ఇరువదేండ్లు ఆ పట్టణముననే సాగిన ఫాసిస్టుల దురాగతముల మాట లేదు. అది లేనిచో నాకీ సన్మానము వలదని ఆయన నిరాకరించెను. ఆ వయస్సున శాలువ కప్పుదుమని వచ్చినవారిని, సత్యము సగమే చెప్పితిరని తిప్పి పంపుటకు ఎంత మనోబలము కావలెను! సన్మానములు కోరి తిరుగు కాలమున ఇది మనమందరము తలచుకొనదగిన ఉదాహరణము.

2020 జూలై 13వ తేదీన నారోద్నీ దోమ్ దహనమునకు నూరేండ్లు నిండెను. తిరిగి కట్టిన ఆ భవనము మొదట హోటలుగ నుండి, పిదప విశ్వవిద్యాలయమువారి దుబాసీల, అనువాదకుల విద్యాలయమునకు నెలవైయుండెను. ఆనాడు ఇటలీ అధ్యక్షుడు సెర్జియో మత్తరెల్లా, స్లొవీనియా అధ్యక్షుడు బొరుత్ పహోర్ (ఇంటిపేరొకటియే కాని బంధుత్వము లేదు) ట్రియెస్టునకు వచ్చిరి. భవనమును స్లొవీన్ ప్రజలకు తిరిగి యిచ్చు పత్రముపై వారి సమక్షమున సంతకములు జరిగినవి. ఆ దినముననే ఉభయ దేశములును తమ తమ ఉన్నత బిరుదములను బోరిస్ పహోర్‌కు సమర్పించెను. నూరేండ్ల క్రిందట మంటలు చూచిన ఏడేండ్ల బాలుడు నూటయారేండ్ల వృద్ధుడై చక్రముల కుర్చీలో కూర్చుండి ఆ పత్రమును చూచెను. 2022 మే 30వ తేదీన, నూటయెనిమిదేండ్ల వయస్సున, ఆయన ట్రియెస్టులో కన్ను మూసెను. నోబెలు బహుమానము ఆయనకు రాలేదు. అది లేకున్నను ఆయనకు లోటు లేదని నా యభిప్రాయము.

సోదరీసోదరులారా! కథ చెప్పి ఊరకుండుట నాకిష్టము లేదు. ఈ జీవితమునుండి మన గ్రంథాలయమునకు ఏమి పనికివచ్చునని ఆలోచించితిని. మూడు సంగతులు తోచినవి.

మొదటిది: మన బీరువాలలో పదేండ్లుగ ఎవరును తీయని పుస్తకములు కలవు. చోటు చాలదని వానిని తీసివేయవలెనన్న మాట అప్పుడప్పుడు వినబడుచుండును. నెక్రోపొలా నలువదేండ్లు పాఠకునికై వేచియున్నది. చిరిగిన దానిని తీసివేయుడు. రెండవ ప్రతి యున్నచో తీసివేయుడు. ఎవరును చదువలేదన్న ఒక్క కారణమున మాత్రము తీసివేయకుడు. దాని పాఠకుడు ఇంకను పుట్టియుండకపోవచ్చును.

రెండవది: అనువాద గ్రంథములకు ఒక బీరువా ప్రత్యేకముగ నుంచుడు. అనువాదకుడు లేనిచో ఆ మహారచయిత తన పట్టణముననే అనామకుడుగ మిగిలిపోయెడివాడు. మన పొరుగు భాషలైన తమిళ, కన్నడ, ఒరియా, ఉర్దూ రచయితలను మనమెంత యెరుగుదుము? పక్కవీధివానిని ఎరుగని దోషము ట్రియెస్టువారిది మాత్రమే కాదు.

మూడవది మనసునకు కష్టము కలిగించు మాట. అయినను చెప్పక తప్పదు. మన భాషను ఎవరును నిషేధింపలేదు. మన బీరువాలకు ఎవరును నిప్పు పెట్టలేదు. అయినను తెలుగు మాటలాడిన పిల్లలకు జరిమానా విధించు బడులు మన నడుమ కలవని వినుచున్నాము. ఆ జరిమానా కట్టువారు తల్లిదండ్రులమైన మనమే. ఆంగ్లము నేర్వవలదని నేననను. భాషలే పహోర్ ప్రాణము నిలిపెనని ఇప్పుడే చెప్పితిని. ఆయన ఐదారు భాషలు నేర్చెను. తన భాషను మాత్రము విడువలేదు. మన పిల్లవాడు ఎన్ని భాషలైనను నేర్చుకొనుగాక! తన తల్లి మాటలాడు భాష తప్పు అని మాత్రము ఏ పిల్లవానికిని తోపకుండుగాక! వారమునకు ఒక సాయంకాలము ఈ గ్రంథాలయమున పిల్లలను కూర్చుండబెట్టి ఒక తెలుగు పుస్తకమును గట్టిగ చదివి వినిపింపుడని చందాదారులను వేడుకొనుచున్నాను. దానికి ధనము అక్కరలేదు. ఒక గంట కాలము చాలును.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించినవారిలో కొందరు నేడు మన నడుమ లేరు. ఇంటింట తిరిగి పుస్తకములు అడిగి తెచ్చినవారు, దీపమునకు నూనె తెచ్చినవారు, తలుపు తీసి తుడిచి నీరు చల్లినవారు, అందరికిని ఈ సభాముఖమున నమస్కరించుచున్నాను. ఈ దీపము ఆరకుండ స్వర్ణోత్సవము వరకును, ఆపైనను వెలుగుగాక యని కోరుచున్నాను.